ఈ మాట అన్నదెవరు?

రాత్రి పదకొండు దాటింది. శనివారం పొద్దున మొదలుపెట్టిన పని ఆదివారం రాత్రికి ఒక కొలిక్కి వచ్చింది. పాత లాప్‌టాప్‌లోని ఒక డిస్కు భాగంలో, ఒక్కొక్క ప్రోగ్రామునీ సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసి పేర్చుకుంటూ వచ్చిన కొత్త లైనక్స్ వ్యవస్థ ఉంది. ఇక అందులోకి అడుగుపెట్టడమే మిగిలింది. దానికి ‘సీహెచ్‌రూట్’ అనే ఆదేశం వాడతారు. "ఇక నుంచి ఈ డైరెక్టరీయే నీ లోకం, దీని బయట ఇంకేమీ లేదు" అని ఒక ప్రోగ్రాముకి చెప్పి నడిపించడం అన్నమాట. మనం కొట్టే ఆదేశాలు అందుకునే ‘బాష్’ అనే ప్రోగ్రామును అందులో నడపమని ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కాను. ఒకే ఒక్క వరుస వచ్చింది. బాష్‌ను నడపలేకపోయాను, ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. అలాంటి ఫైల్ లేదట.

ఫైల్ ఉంది. జాబితా వేసి చూస్తే కళ్ళెదుటే ఉంది. పేరులో అక్షరం తేడా లేదు, నడిపే అనుమతి ఉంది, సైజు పది లక్షల బైట్ల పైనే. మళ్ళీ ఆదేశం ఇస్తే మళ్ళీ అదే మాట. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూస్తూ "ఆయన ఊళ్ళో లేరండీ" అన్నట్టుంది.

ఇలాంటి చోట నేను ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఈ మాట అన్నదెవరు? తెరమీద అన్నీ ఒకే రంగు అక్షరాల్లో వస్తాయి కాబట్టి కంప్యూటర్ అనే ఒక్క శాల్తీ మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కానీ అక్కడ మాట్లాడేవాళ్ళు చాలామంది. షెల్ ఒకటి, మేక్ ఒకటి, కంపైలర్ ఒకటి, లింకర్ ఒకటి, అన్నిటికీ అడుగున కెర్నల్. ఒకరి మాట మరొకరు మోసుకొస్తారు. మోసుకొచ్చేవాళ్ళు తమకు తెలిసినంత మేరకే చెప్పగలరు.

ఆ రాత్రి జరిగింది ఇదీ. సీహెచ్‌రూట్ వెళ్ళి, బాష్‌ను నడపమని కెర్నల్‌ను అడిగింది. కెర్నల్ బాష్ ఫైల్ తెరిచింది. అంటే ఆ ఫైల్ దానికి దొరికింది. మొదటి నాలుగు బైట్లు చూసి ఇది ‘ఎల్ఫ్’ తరహా ప్రోగ్రాము అని గుర్తుపట్టింది. ఈ తరహా ప్రోగ్రాముల్లో చాలావాటి లోపల ఒక పేరు రాసి ఉంటుంది. "నేను ఒంటరిగా నడవలేను, ముందు ఫలానా వాణ్ణి పిలవండి, వాడు నాకు కావలసిన లైబ్రరీలు తెచ్చిపెడతాడు" అని దాని భావం. ఆ ఫలానావాడు డైనమిక్ లోడర్. కెర్నల్ ఆ లోడర్ కోసం ‘లిబ్64’ డైరెక్టరీలో వెతికింది. అక్కడ లేదు. దాంతో కెర్నల్ వెనక్కి ఒక అంకె పంపింది: 2. ఆ అంకెకు అర్థం ‘అలాంటి ఫైల్ లేదు’. ఏ ఫైల్ లేదో చెప్పడానికి ఆ అంకెలో చోటు లేదు. సీహెచ్‌రూట్‌కి తెలిసిన పేరు బాష్ ఒక్కటే. అది తనకు తెలిసిన పేరునీ, తనకు అందిన అంకెనీ పక్కపక్కన పెట్టి తెరమీద అచ్చేసింది. ఒక్కొక్కటిగా చూస్తే రెండూ నిజాలే. పక్కపక్కన చేరేసరికి చదివేవాడికి అబద్ధమయ్యాయి.

బాష్ లోపల ఏ లోడర్ పేరు రాసి ఉందో ‘రీడ్‌ఎల్ఫ్’ అనే చిన్న పనిముట్టు చదివి చెబుతుంది. చూశాను. పేరు సరిగ్గానే ఉంది. ఆ పేరుతో ‘లిబ్64’లో ఉండాల్సిన లింకు మాత్రం లేదు. అసలు ఫైల్ పక్కనున్న ‘లిబ్’లో భద్రంగా ఉంది. ముందురోజు గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీని కట్టే ముందు ఇవ్వాల్సిన ఒకే ఒక్క వరుస ఆదేశం దాటేశాను. అది ఇప్పుడు ఇచ్చాను. ఈసారి కొత్త వ్యవస్థ తలుపు తెరుచుకుంది.

ఆ లింకు లేకుండానే మధ్యలో ఇరవై దాకా ప్యాకేజీలు ఎలా కంపైల్ అయ్యాయన్నది ఇక్కడ ఆగి చూడాల్సిన సంగతి. గ్లిబ్‌సీ అయ్యాక ఒక పరీక్ష చేయమని నేను అనుసరిస్తున్న పుస్తకం చెబుతుంది. ఖాళీ ప్రోగ్రాము ఒకటి కంపైల్ చేసి, అది ఏ లోడర్ పేరు అడుగుతోందో చూడాలి. ఆ పరీక్ష నేను చేశాను, నెగ్గాను. ఎందుకంటే అది ఆ పేరు రాసి ఉందా అని చూస్తుందే తప్ప, ఆ పేరుగల ఫైల్ అక్కడ ఉందా అని చూడదు. అదే బాష్‌ను పాత వ్యవస్థలోనే ఉండి నడిపి ఉంటే నడిచినా నడిచేదేమో. పాత వ్యవస్థ తాలూకు లోడర్ వచ్చి చేయి అందించేది. పక్కింటి వాళ్ళ సాయం లేని చోటికి, అంటే సీహెచ్‌రూట్ లోపలికి వెళ్ళాకే లోటు బయటపడింది. తప్పు జరిగింది ఒక రోజు, తెలిసింది మరో రోజు. సోర్స్ నుంచి కట్టిన వ్యవస్థల్లో ఇంచుమించు ప్రతి చిక్కూ ఇలాగే ఉంటుంది. బాష్ ఇటీవలి కూర్పులు ఇలాంటి సందర్భంలో ‘అవసరమైన ఫైల్ దొరకలేదు’ అనే అర్థం వచ్చేలా వేరే మాట వాడుతున్నాయి. చాలా మేలు చేసిన చిన్న మార్పు అది.

ఇంతకీ ఇప్పుడు చెప్పిన ‘పుస్తకం’ పేరు ‘లైనక్స్ ఫ్రం స్క్రాచ్’. గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టాడు. అది పంచేది సాఫ్ట్‌వేర్ కాదు, కట్టే విధానం. సుమారు 80 ప్యాకేజీల సోర్స్ తెచ్చుకుని, ఏ వరుసలో ఎలా కంపైల్ చేస్తే చివరికి తనంతట తాను బూట్ అయ్యే లైనక్స్ తయారవుతుందో అందులో ఉంటుంది. కాలాన్ని కొలవడానికి ఆ పుస్తకం ఒక సొంత కొలమానం కూడా పెట్టుకుంది. మొట్టమొదట కట్టే బైన్‌యుటిల్స్ అనే ప్యాకేజీకి మీ యంత్రంలో ఎంతసేపు పడితే అదే ఒక యూనిట్. మిగతావన్నీ దానికి ఇన్ని రెట్లు, అన్ని రెట్లు అని చెబుతారు. ఒకరి యంత్రానికీ మరొకరి యంత్రానికీ వేగం తేడా ఉన్నా లెక్క చెడదు.

అందులో కొత్తవాళ్ళకి మింగుడుపడని విషయం, కంపైలర్‌ను మళ్ళీ మళ్ళీ కట్టించడం. ఒకసారి కడితే చాలదా? పెరుగు సంగతి తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాలు తోడుపెట్టాలంటే కాస్త పెరుగు ఉండాలి. ఇంట్లో లేకపోతే చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళతాం. ఆ తోడుతో తోడుకున్న మొదటి గిన్నెలో పక్కింటి పెరుగు రుచి ఉంటుంది. జీసీసీ అనే కంపైలర్ కూడా అంతే. దాన్ని కంపైల్ చేయాలంటే ముందే ఒక కంపైలర్ ఉండాలి. దాన్ని పాత వ్యవస్థ నుంచి, అంటే ‘హోస్ట్’ నుంచి అరువు తెచ్చుకుంటాం. దానితో తయారైన మొదటి జీసీసీకి హోస్ట్ వాసన అంటుకుని ఉంటుంది. హోస్ట్ లైబ్రరీల మీద ఆధారపడుతుంది. అందుకని దానితో ఇంకొకటి, ఆ రెండోదానితో కొత్త ఇంట్లో కూర్చుని మూడోది కట్టించి హోస్ట్ వాసన వదిలిస్తారు. మొదటి విడతలో ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటారు. కంపైల్ చేసే యంత్రం, నడవబోయే యంత్రం ఒకటే అయినా, యంత్రం పేరు మధ్యలో ‘ఎల్ఎఫ్ఎస్’ అని చేర్చి, ఇది వేరే యంత్రం కోసం అని పనిముట్లను నమ్మిస్తారు. వేరే యంత్రం అనుకుంటే అవి హోస్ట్‌లోని లైబ్రరీల జోలికి వెళ్ళవు.

హోస్ట్ వాసన ఎక్కడైనా మిగిలిపోతే అది వెంటనే తెలియదు. వారం తర్వాత ఏదో ప్యాకేజీ దగ్గర వింత ఎర్రర్‌గా బయటికొస్తుంది. అప్పుడు ఆ ప్యాకేజీ సోర్స్‌లో తలదూర్చి ఎంత వెతికినా దొరకదు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడమే అవుతుంది.

కంపైల్ చేసేటప్పుడు వచ్చే ఎర్రర్ల సంగతికి వద్దాం. ప్రోగ్రాములోని వందల ఫైళ్ళలో ఏది కంపైల్ చేయాలి, ఏది అక్కర్లేదు అని నిర్ణయించేది ‘మేక్’. దాని పుట్టుకలోనే ఒక చిక్కు విప్పిన కథ ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దగ్గరికి సహోద్యోగి స్టీవ్ జాన్సన్ విసుగ్గా వచ్చాడు. ఒక పొద్దుటి పూటంతా తప్పు లేని ప్రోగ్రాములో తప్పు వెతికాడాయన. సోర్స్‌లో తప్పు దిద్దాడు, కానీ ఆ ఫైల్ మళ్ళీ కంపైల్ కాలేదు. నడుస్తున్నది పాతదే. ఇలాంటి పొరపాటు మళ్ళీ జరగకుండా ఫెల్డ్‌మన్ రాసిందే మేక్. సోర్స్ ఫైల్ తేదీ, దాన్నుంచి వచ్చిన ఫైల్ తేదీ పోల్చి, సోర్స్ కొత్తదైతేనే మళ్ళీ కంపైల్ చేయిస్తుంది. ఆ పనికి ఆయనకు 2003 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టం అవార్డు వచ్చింది.

మేక్ విఫలమైనప్పుడు తెర అడుగున ‘ఎర్రర్ 2’ అని కనిపిస్తుంది. చాలామంది దీన్ని పట్టుకుని దాని అర్థం వెతుకుతారు. ఈ మాట అన్నది మేక్, అదీ తన కింద నడుస్తున్న మరో మేక్ గురించి. విఫలమైన మేక్ తన పైవాడికి 2 అనే అంకె ఇచ్చి వెళ్ళిపోతుంది. పైవాడు అదే అంకె అచ్చేసి తనూ 2 ఇచ్చి వెళ్ళిపోతాడు. అందుకని అడుగున వరసగా నాలుగు ‘ఎర్రర్ 2’లు కనిపిస్తే నాలుగు తప్పులున్నాయని కాదు, ఒకే కబురు నాలుగు మెట్లు ఎక్కిందని. పైకి చదువుకుంటూ వెళితే ఎక్కడో ‘ఎర్రర్ 1’ ఉంటుంది. అది చాలావరకు కంపైలర్ పంపిన అంకె. దానికి కాస్త పైన కంపైలర్ స్వయంగా చెప్పిన మాట ఉంటుంది, ఏ ఫైల్లో, ఎన్నో వరుసలో, ఏమిటో. అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అంకె 127 అయితే పిలిచిన ఆదేశమే వ్యవస్థలో లేదని, 126 అయితే ఉంది గానీ నడిపే వీలు లేదని.

ఈ రోజుల్లో ఒకేసారి ఎనిమిదో పదహారో ఫైళ్ళు కంపైల్ చేయిస్తాం కాబట్టి ఇంకో తిరకాసు ఉంది. ఒక ఫైల్ విఫలమైనా మిగతావన్నీ తమ పని పూర్తి చేసుకునేదాకా మాట్లాడుతూనే ఉంటాయి. అసలు ఎర్రర్ రెండు వందల వరుసల పైకి వెళ్ళిపోతుంది. ‘పూర్తికాని పనుల కోసం ఆగుతున్నాను’ అని మేక్ అన్న చోటు దొరికితే దాని పైనే అసలు సంగతి ఉన్నట్టు. లేదంటే అదే ఆదేశాన్ని ఒక్కొక్క ఫైలే కంపైల్ చేసేలా మళ్ళీ ఇస్తే సరి. నేను ప్రతి ప్యాకేజీ అవుట్‌పుట్‌నూ ఒక లాగ్ ఫైల్లోకి పంపుతాను. ఆ లాగ్‌లో ‘ఎర్రర్’ అన్న మాట మొట్టమొదట వచ్చిన చోటికి వెళతాను. రెండోసారి వచ్చిన చోటు జోలికి పోను.

కంపైల్ చేసే ముందు యంత్రాన్ని పరీక్షించి చూసే ‘కాన్ఫిగర్’ దగ్గర ఆగిపోతే చూడాల్సింది ‘కాన్ఫిగ్ లాగ్’. ‘సీ కంపైలర్ ఎక్జిక్యూటబుల్ తయారుచేయలేకపోతోంది’ అన్న ఒక్క వాక్యం తెరమీదికి వస్తుంది. ఆ మాట కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ది. అంతకుముందు అది ఒక బుల్లి ప్రోగ్రాము రాసి కంపైలర్‌కి ఇచ్చింది. కంపైలర్ ఏమందో లాగ్‌లో పూసగుచ్చినట్టు ఉంటుంది. లైబ్రరీ లేదనో, టైపు చేసిన ఆప్షన్‌లో అక్షరం తప్పనో అక్కడే దొరుకుతుంది.

మేక్ పని అంతా తేదీల మీద నడుస్తుందని చెప్పాను కదా. ఒక మే నెల మధ్యాహ్నం కోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీ కంపైల్ అవుతుండగా కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు మీదే నడుస్తోంది. ఇరవై నిమిషాల్లో కరెంటు వచ్చాక మళ్ళీ ‘మేక్’ అన్నాను. ఆగిన చోటి నుంచి సాగుతుందని నమ్మకం. కాసేపు సాగి, కంపైల్ అయిన ముక్కలను కలిపే లింకర్ దగ్గర నిలిచిపోయింది. ‘ఫైల్ నాట్ రికగ్నైజ్డ్, ఫైల్ ట్రంకేటెడ్’. అది చెప్పిన ఫైల్ చూస్తే సైజు సున్నా. కంపైలర్ ఆ ఫైల్‌ను రాసేసింది. కానీ లైనక్స్ రాసిన ప్రతి బైటునూ అప్పటికప్పుడు డిస్కుకి చేర్చదు, కొన్ని సెకన్లు మెమొరీలో ఉంచుకుంటుంది. ఆ కొన్ని సెకన్లలో కరెంటు పోయింది. పేరు మిగిలింది, లోపలి సరుకు పోయింది. మేక్ చూసేది తేదీనే గనక, ఆ ఖాళీ ఫైల్ దాని లెక్కలో పూర్తయిన పనే. మనం కంట్రోల్-సీ నొక్కి ఆపితే మేక్ సగం రాసిన ఫైల్‌ను తుడిచేసి మరీ వెళుతుంది. కరెంటు పోయినప్పుడు తుడవడానికి ఎవరూ ఉండరు.

సరే, ఆ డైరెక్టరీ మొత్తం తీసేసి, సోర్స్ మళ్ళీ విప్పి, కాన్ఫిగర్ నుంచి మొదలుపెట్టాను. ఇలాంటప్పుడు చేయాల్సింది అదే, అతుకులు వేయకూడదు. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈసారి కాన్ఫిగరే మొరాయించింది. ‘కొత్తగా సృష్టించిన ఫైల్, వచ్చిన ఫైళ్ళకంటే పాతది. మీ గడియారం చూసుకోండి’ అని దాని సారాంశం. గడియారం చూస్తే 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్ళంత సెల్ కూడా అయిపోయింది. కరెంటు పోగానే యంత్రం తన తేదీ మరిచిపోయింది. సోర్స్ ఫైళ్ళ మీద ఉన్నది 2023. ఇప్పుడే పుట్టిన ఫైల్ వాటికంటే పద్నాలుగేళ్ళు పెద్దదైంది. ముందు పరుగులోనే మేక్ ‘క్లాక్ స్క్యూ’ అంటూ హెచ్చరించింది, పారిపోతున్న వరుసల్లో నేను దాన్ని పట్టించుకోలేదు. తేదీ సరిచేశాక ప్యాకేజీ ఒక్క తప్పు లేకుండా కంపైల్ అయింది. కోర్‌యుటిల్స్ సోర్స్‌లో ఏ దోషమూ లేదు.

యంత్రం వైపు నుంచి వచ్చే తంటాల్లో మెమొరీది పెద్ద వాటా. సీ++ ఫైల్ ఒక్కొక్కటి ఒక్కోసారి ఒక జీబీ దాకా మెమొరీ తింటుంది. నాలుగు జీబీల యంత్రంలో ఎనిమిది ఫైళ్ళు ఒకేసారి మొదలుపెడితే, కాసేపటికి జీసీసీ "నా కింద పనిచేస్తున్న సీసీ1ప్లస్ చంపబడింది" అని ఒక వాక్యం వదిలి ఆగిపోతుంది. అన్నది జీసీసీ. చంపింది మాత్రం కెర్నల్. మెమొరీ నిండుకున్నప్పుడు యంత్రం మొత్తం స్తంభించిపోకుండా ఎక్కువ తింటున్న ప్రోగ్రామును ఎంచి తీసేస్తుంది. ఆ పని చేశానని తన సొంత చిట్టాలో రాసుకుంటుంది, ‘డీమెసేజ్’ అనే ఆదేశంతో అది చదవచ్చు. ఎనిమిదిని రెండు చేస్తే పని సాగిపోతుంది.

ఇంకో రకం ఉంది. కంపైలర్ తనంతట తానే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని కూలిపోతుంది. సిగ్నల్ నంబరు 11. ఇక్కడ ఒక చక్కని పరీక్ష చేయవచ్చు. అదే ఆదేశం మళ్ళీ ఇవ్వండి. అదే ఫైల్లో అదే వరుస దగ్గర కూలితే కంపైలర్‌లోనో సోర్స్‌లోనో నిజంగా దోషం ఉంది. ఈసారి వేరే ఫైల్ దగ్గర కూలితే, ముందు కూలిన ఫైల్ ఇప్పుడు శుభ్రంగా కంపైల్ అయితే, ర్యామ్‌ను అనుమానించాలి. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే ఫోటోలో ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరికీ కనపడదు. కంపైలర్ మెమొరీ నిండా ‘ఫలానా సమాచారం ఫలానా చోట ఉంది’ అనే చిరునామాలు ఉంటాయి. చిరునామాలో ఒక్క బిట్ మారితే ఉత్తరం ఊరు కాని ఊరికి పోతుంది, ప్రోగ్రాము అక్కడే కూలుతుంది. అందుకే మామూలు వాడకంలో ఏళ్ళ తరబడి దాగిన ర్యామ్ లోపాన్ని గంటసేపు కంపైల్ చేయడం బయటపెడుతుంది. 1990లలో సొంతంగా కెర్నల్ కంపైల్ చేసుకునేవాళ్ళకి ఇది ఎంత తరచుగా ఎదురయ్యేదంటే, ‘సిగ్11’ పేరుతో దీనికోసమే ఒక ప్రశ్నోత్తరాల పత్రం పుట్టింది. జీసీసీ కొన్ని కూర్పుల్లో కూలిన ఫైల్‌ను తనే మరోసారి ప్రయత్నించి, ఈసారి ఫలితం మారితే ఇది హార్డ్‌వేర్ సంగతి కావచ్చని తనే చెబుతుంది.

ఇన్ని దాటి మొదటిసారి బూట్ చేసే ఘడియ వస్తుంది. అప్పటిదాకా తప్పు జరిగితే చేతిలో పాత వ్యవస్థ ఉంది, పనిముట్లు ఉన్నాయి. ఇప్పుడు తెర తప్ప ఏమీ లేదు. ఆ తెర మీద ఎక్కువమంది చూసేది కెర్నల్ పానిక్. రూట్ ఫైల్‌సిస్టంను మౌంట్ చేయలేకపోయాను, ‘అన్‌నోన్ బ్లాక్ (0,0)’. ఈ వరుసకు భయపడి మొత్తం మళ్ళీ కట్టినవాళ్ళున్నారు. నిజానికి ఇంత వివరంగా మాట్లాడే ఎర్రర్లు అరుదు. బ్రాకెట్లలోని ఆ రెండు అంకెలూ చదవడం వస్తే చాలు.

అవి కెర్నల్ దృష్టిలో డిస్కు భాగం చిరునామా. మొదటిది ఏ రకం పరికరమో చెబుతుంది, రెండోది ఆ రకంలో ఎన్నోదో చెబుతుంది. సాటా డిస్కులకు మొదటి అంకె 8. కాబట్టి (8,3) అంటే మొదటి డిస్కులో మూడో భాగం. రెండో డిస్కు లెక్క 16 నుంచి మొదలవుతుంది గనక దాని మూడో భాగం (8,19). ఇప్పుడు చూడండి. తెరమీద (8,3) అని ఉంటే డిస్కు కనిపించింది, భాగమూ కనిపించింది, దాని మీద ఉన్న ఫైల్‌సిస్టం భాష కెర్నల్‌కి రాదు. ఎక్స్‌టీ4 డ్రైవర్ చేర్చడం మరిచిపోయి ఉంటారు. (0,0) అని ఉంటే మీరు చెప్పిన పేరుతో పరికరమే లేదు. అప్పుడు దాని పైవరుసలు చూడాలి. ‘నాకు కనిపిస్తున్న భాగాలు ఇవీ’ అని కెర్నల్ ఒక జాబితా ఇస్తుంది. జాబితాలో డిస్కులు ఉంటే మీరు ఇచ్చిన పేరు తప్పు. జాబితా ఖాళీగా ఉంటే డిస్కు కంట్రోలర్ డ్రైవరే కెర్నల్‌లో లేదు. ఒక్క వరుసతో మూడు దారులు విడిపోయాయి, ఏ దారిలో వెళ్ళాలో తెరే చెప్పింది.

డ్రైవర్ చేర్చాననే అంటారు చాలామంది, కాన్ఫిగరేషన్‌లో అది కనిపిస్తుంది కూడా. దాని పక్కన ఉన్న అక్షరం చూడాలి. ‘వై’ అంటే కెర్నల్‌లోనే కలిసిపోయింది. ‘ఎం’ అంటే మాడ్యూల్, డిస్కు మీద విడి ఫైల్‌గా ఉంటుంది. డిస్కును చదివే డ్రైవర్‌ను డిస్కు మీదే పెట్టడం, బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేయడం. ఉబుంటు, ఫెడోరా లాంటివి ‘ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్’ అనే చిన్న సంచీలో ఆ తాళంచెవి మారుప్రతి ఒకటి ఇచ్చి పంపుతాయి. సొంతంగా కట్టిన వ్యవస్థలో ఆ సంచీ లేకపోతే డ్రైవర్‌ను ‘వై’గానే పెట్టుకోవాలి. ఇదే కారణంతో ఇంకో తప్పు కూడా జరుగుతుంది. హోస్ట్‌ను చూసి రూట్ పేరును ‘యూయూఐడీ’ రూపంలో రాస్తారు. అది ఫైల్‌సిస్టం లోపల రాసి ఉండే గుర్తు. దాన్ని చదివేది ఆ సంచీలోని ప్రోగ్రాములు, కెర్నల్ ఒంటరిగా చదవలేదు. డిస్కు భాగాల పట్టికలో ఉండే ‘పార్ట్‌యూయూఐడీ’ని మాత్రం చదవగలదు.

డిస్కు మౌంట్ అయ్యాక, కెర్నల్ మొట్టమొదట నడిపే ‘ఇనిట్’ అనే ప్రోగ్రాము దగ్గర కూడా పానిక్ రావచ్చు, ‘ఇనిట్‌ను చంపే ప్రయత్నం’ అంటూ. దాని పక్కన ఎగ్జిట్ కోడ్ ఉంటుంది, 00007f00 అని. చివరి రెండు సున్నాలు పక్కన పెడితే మిగిలేది 7f, పదహారు మూలంగా గల లెక్కలో. మన లెక్కలో 127. ఇనిట్ మొదలైంది, దాని లోడర్ కూడా దొరికింది, ఆ లోడర్‌కి కావలసిన లైబ్రరీ దొరక్క 127 ఇచ్చి వెళ్ళిపోయిందని చాలాసార్లు దీని అర్థం. అదే 0000000b అయితే పదకొండు, ఇందాకటి సిగ్నల్ 11. రాత్రంతా మేలుకుని వెతకాల్సిన జాడ ఎనిమిది అక్షరాల్లో ఉంటుంది. ఈ తెరను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. లేదా బూట్ ఆదేశంలో ఇనిట్‌కు బదులు బాష్‌ను నడపమని రాయండి. ఆ బాష్ వచ్చిందంటే కెర్నల్, డిస్కు, లోడర్, లైబ్రరీలు అన్నీ బాగున్నట్టే. తప్పు ఇనిట్‌లోనో బూట్ స్క్రిప్టులలోనో ఉంది.

నిన్నటి కెర్నల్ బూట్ అయి, కొత్త కూర్పు కాకపోతే దారి వేరు. రెండు కూర్పుల మధ్య పదివేలకు పైగా మార్పులుంటాయి. ‘గిట్ బైసెక్ట్’ సరిగ్గా మధ్యలోని కెర్నల్ ఇచ్చి కట్టి చూడమంటుంది. బూట్ అయితే తప్పు రెండో సగంలో ఉంది, కాకపోతే మొదటి సగంలో. సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే 16,384 మార్పుల్లో దోషిని పట్టుకోవడానికి 14 పరీక్షలు చాలు. పాత యంత్రంలో 14 కెర్నల్స్ కంపైల్ చేయడానికి రెండు రోజులు పట్టవచ్చు. అయినా సోర్స్ ఒక్క వరుస అర్థం కాని మనిషి సైతం మూడు కోట్ల వరుసలు దాటిన కెర్నల్‌లో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఈ మాట అన్నదెవరు అని అడుగుతూ కిందికి దిగితే చివరికి కంపైలర్ దగ్గరికి చేరతాం. దాని మాట నమ్మవచ్చా? యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చైన తన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో ఈ ప్రశ్నే వేశాడు. లాగిన్ ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు అందులో దొంగదారి పెట్టేలా, తనను తాను కంపైల్ చేసుకునేటప్పుడు ఆ దుర్బుద్ధినే కొత్త కంపైలర్‌లోకి ఎక్కించేలా ఒక కంపైలర్‌ను తయారుచేయవచ్చని చూపించాడు. ఆ తర్వాత సోర్స్‌లోంచి ఆ వరుసలు తీసేసినా దొంగదారి మిగిలే ఉంటుంది. సోర్స్ ఎంత చదివినా కనపడదు. పక్కింటి తోడులోని పులుపు ఎన్ని గిన్నెలు తోడుపెట్టినా పోనట్టు. కంపైలర్‌ను మూడుసార్లు కట్టించడం హోస్ట్ లైబ్రరీల వాసనను వదిలిస్తుంది గానీ దీన్ని వదిలించలేదు.

డేవిడ్ వీలర్ 2005లో ఒక విరుగుడు చూపించాడు. అసలు కంపైలర్‌తో ఏ సంబంధమూ లేని రెండో కంపైలర్‌తో అదే సోర్స్‌ను కంపైల్ చేసి, ఆ వచ్చినదానితో మరోసారి కంపైల్ చేసి, చివరి ఫలితాన్ని అసలు కంపైలర్‌తో బైటు బైటుగా పోల్చడం. ఇంకొందరు అసలు తోడునే ఎంత చిన్నది చేయగలమా అని ఏళ్ళ తరబడి పనిచేశారు. 2023లో గిక్స్ అనే వ్యవస్థలో ఆ ప్రయత్నం ఫలించింది. మొదటి మెట్టు 357 బైట్ల ప్రోగ్రాము. దానితో కాస్త పెద్దది, దానితో ఒక బుల్లి అసెంబ్లర్, దానితో ఒక చిన్న సీ కంపైలర్, అలా మెట్టు మెట్టుగా ఎక్కి పాత జీసీసీకి, అక్కడి నుంచి ఇప్పటి జీసీసీకి చేరతారు. ఈ మెట్లన్నీ ఎక్కించడానికి అప్పటికే నడుస్తున్న వ్యవస్థ ఒకటి ఇంకా కావాలి, దాన్నీ తగ్గించే పని సాగుతోంది. ఆ 357 బైట్లను ఒక్కొక్కటి రెండు అక్షరాలుగా రాస్తే 714 అక్షరాలు. పుస్తకంలో ఒక పేజీ కూడా పట్టదు. ప్రాసెసర్ ఆదేశాల పట్టిక పక్కన పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని, ఒక్కొక్క బైటూ ఏం చేస్తుందో ఒక మనిషి ఒక్క మధ్యాహ్నంలో సరిచూసుకోవచ్చు.